పాస్టర్ గారా, ఇమామ్ సాబా, డాక్టరా? ఒడిశా సరిహద్దు తెలుగు కుటుంబాలకు విశ్వాసం కలిసిన కౌన్సెలింగ్‌లో ఏది ఎంచుకోవాలి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్లలో ఎవరికైనా మనసు బాగోలేకపోతే మొదటి ఫోన్ డాక్టరుకు వెళ్లదు. క్రైస్తవుల ఇంట్లో పాస్టర్ గారికి వెళ్తుంది, ముస్లింల ఇంట్లో మసీదు ఇమామ్ సాబ్‌కి వెళ్తుంది. ఇందులో తప్పేమీ లేదు. అర్ధరాత్రి ఫోన్ ఎత్తేది, ఇంటి సంగతులు తెలిసింది, మన భాషలో మాట్లాడేది ఆయనే. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. ప్రార్థనతో ఆగాలా? ఆసుపత్రికి వెళ్తే విశ్వాసం తక్కువైనట్టా? నమాజులో పదేపదే వచ్చే అనుమానాన్ని ఒడియా డాక్టరుకు ఎలా చెప్పాలి?

"ప్రార్థనా, మందా" అనే ప్రశ్నే కుటుంబాలను నెలల తరబడి ఆపేస్తోంది. దాని బదులు, ఈ కష్టంలో ఏ పని ఎవరిది అని అడిగితే దారి దొరుకుతుంది. కింది పోలిక అంతా ఆ ప్రశ్న చుట్టూనే సాగుతుంది.

## ముందు ఒక వడపోత

కొన్ని లక్షణాలుంటే ఎంపిక గురించి ఆలోచించే సమయం లేదు. చనిపోతానని అనడం, అందుకు ఏర్పాట్లు చేసుకోవడం. ఎవరికీ వినపడని గొంతులు వినపడటం. రోజుల తరబడి నిద్ర లేకపోయినా అలుపు లేకుండా మాట్లాడటం, చేతికొచ్చినట్టు ఖర్చు పెట్టడం. తిండి, నీళ్లు మానేయడం. కాన్పైన కొద్ది వారాల్లో తల్లి మాటతీరు తారుమారు కావడం. మూర్ఛలు. వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంట్లో పురుగుమందు డబ్బాలు, మాత్రలు తాళం వేసి ఉంచాలి. పాస్టర్ గారో ఇమామ్ సాబో వెంట వస్తే మంచిదే, కానీ ఆయన కోసం ఆగకూడదు.

ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని పోలీసు కేసు భయంతో ఇంట్లోనో ప్రార్థన మందిరంలోనో దాచే కుటుంబాలున్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, వేరే రుజువు ఉంటే తప్ప శిక్షించకూడదు. అతనికి చికిత్స అందించే బాధ్యత ప్రభుత్వానిది.

తాగుడు విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఉపవాస ప్రార్థనల్లోనో రంజాన్‌లోనో ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజుల తర్వాత ఒళ్లు వణకడం, లేనివి కనిపించడం, మతి తప్పడం మొదలుకావచ్చు. దీంతో ప్రాణం పోయే అవకాశం ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని దయ్యమో జిన్నో అనుకుంటారు. మానాలనే నిర్ణయం మందిరంలో తీసుకోవచ్చు, మానే మొదటి వారం మాత్రం డాక్టరు చేతిలో ఉండాలి.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

తనవల్ల కానిది పైకి పంపే గుణం. అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. పాస్టరైనా, మౌలానా అయినా, కౌన్సెలరైనా "మీరు ఇప్పటిదాకా ఎవరినైనా డాక్టరు దగ్గరికి పంపారా? ఎలాంటప్పుడు పంపుతారు?" అని అడగండి. సూటిగా జవాబు చెప్పగలిగినవారిని నమ్మవచ్చు. "నా దగ్గరికొస్తే ఆ అవసరమే రాదు" అంటే అక్కడితో ఆపేయండి.

శిక్షణ. మందు రాసేది సైకియాట్రిస్టు, అంటే ఎంబీబీఎస్ తర్వాత మనోవైద్యంలో ఎం.డి., డి.ఎన్.బి. లాంటివి చదివిన డాక్టరు. మాటలతో చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, దాన్ని అడిగి సరిచూసుకోవచ్చు. "కౌన్సెలర్" అనే బోర్డు మాత్రం కొద్ది రోజుల కోర్సు చేసినవాళ్లూ పెట్టుకుంటున్నారు. ఆ ఒక్క మాటను చూసి నమ్మకండి.

గుట్టు. సంఘంలో రహస్యం చాలాసార్లు చెడు ఉద్దేశంతో బయటపడదు. ప్రార్థన అంశంగా బయటపడుతుంది. "ఫలానా సహోదరి కోసం ప్రార్థించండి" అని వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఒక్క వాక్యంతో ఆమె పెళ్లి సంబంధం చెడిపోవచ్చు. మాట మొదలుపెట్టే ముందే "ఇది ప్రార్థన అంశంగా కూడా చెప్పకండి" అని అడగండి. కేథలిక్ ఫాదర్ పాపసంకీర్తనంలో (కన్ఫెషన్‌లో) విన్నది ఎవరికీ చెప్పడానికి వీల్లేదు. ఆ కట్టుబాటు ఆ సంస్కారానికే, మామూలు సంభాషణకు వర్తించదు. గుట్టుకు చట్టం పెట్టిన హద్దు కూడా ఉంది. పిల్లలపై లైంగిక నేరం గురించి తెలిస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. పాస్టర్లు, మౌలానాలు కూడా అందులోకే వస్తారు.

భాష. బరంపురం ఆసుపత్రుల్లో తెలుగు అర్థం చేసుకునేవాళ్లు దొరుకుతారు. లోపలి జిల్లాల్లో అంత తేలిక కాదు. దుబాసీగా భర్తనో, పదేళ్ల కూతురినో కూర్చోబెట్టకండి. భర్త ఉంటే ఆమె అసలు సంగతి చెప్పదు. పాపకు వినకూడనివి వినపడతాయి.

స్త్రీలకు వీలు. పరాయి మగవాడితో తలుపు మూసిన గదిలో ఒంటరిగా కూర్చోవడానికి చాలామంది ముస్లిం స్త్రీలు ఒప్పుకోరు. మహిళా కౌన్సెలర్ దొరకకపోతే తలుపు తెరిచి ఉంచి, ఇంటి మనిషిని కంటికి కనిపించేంత దగ్గర్లో, మాట వినపడనంత దూరంలో కూర్చోబెట్టండి. పాస్టర్ల దగ్గరా ఇదే పద్ధతి పాటించాలి.

## ఉన్న దారులు

### సంఘ కాపరి, ఇమామ్ సాబ్

చావు దుఃఖం, చేసిన తప్పుకు కుమిలిపోవడం, ఒంటరితనం, కొత్త దంపతుల సర్దుబాటు... వీటిలో వీళ్లను మించినవాళ్లు లేరు. భర్త పోయిన ముస్లిం స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఇద్దత్‌లో ఇంటిపట్టునే ఉంటుంది. ఆ రోజుల్లో ఆమె దగ్గరికి మాట, సాయం చేరేది మసీదు చుట్టూ ఉన్న ఆడవాళ్ల ద్వారానే. చర్చి కూడా ఖననంతో చేతులు దులుపుకోదు.

జబ్బును విశ్వాసం కొలిచే కొలతగా మార్చినప్పుడే కీడు మొదలవుతుంది. "ప్రార్థన చాలలేదు", "ఈమాన్ బలహీనమైంది" అన్న మాట దిగులు జబ్బుతో (డిప్రెషన్‌తో) ఉన్న మనిషిని ఇంకా కిందికి తోస్తుంది. దేవుడు తనను శిక్షిస్తున్నాడు, వదిలేశాడు అని నమ్మేవాళ్లలో దిగులు ఎక్కువగా ఉంటుందని మతం, మనసు మీద జరిగిన పరిశోధనలు పదేపదే చూపాయి. లేఖనం చూపే తీరు వేరు. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో చావు కోరుకున్న ఏలీయాకు దేవదూత బోధ చేయలేదు. నిద్రపోనిచ్చి, లేపి, రెండుసార్లు తిండి పెట్టాడు. ఓదార్పు మాట లేకుండా చీకటితోనే ముగిసే 88వ కీర్తన కూడా బైబిల్లోనే ఉంది. పాస్టర్ గారు దిగులుతో ఉన్న మనిషి ముందు తెరవాల్సినవి ఇవి.

ఇంకో చిక్కు బంధుత్వాలది. మీ పాస్టర్ గారే మీ అద్దె ఇంటి యజమానో, మీ సంబంధం కుదిర్చిన పెద్దో అయితే పెళ్లి తగాదాకు పక్క ఊరి సంఘం మనిషిని చూసుకోండి.

### స్వస్థత కూటాలు, దర్గాలు, తాయెత్తులు

తల మీద చేయి పెట్టి ప్రార్థించడం, నూనె రాయడం, ఖుర్‌ఆన్ చదివి నీళ్ల మీద ఊదడం, దర్గాలో మొక్కడం... వీటివల్ల ఒంటికి హాని లేదు, చాలామందికి ఊరట దొరుకుతుంది. చికిత్సతో పాటు ఇవి సాగవచ్చు. గొలుసుతో కట్టడం, కొట్టడం, మిరపకాయల పొగ పట్టడం, తిండి ఆపడం, వాడుతున్న మాత్రలు మాన్పించడం, పేరు చెప్పని పొడులు మింగించడం మాత్రం ఏ పేరుతో చేసినా హింసే. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో దర్గా దగ్గర నడిచే ఒక ఆశ్రమంలో మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులు తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. 2017 చట్టం 95వ సెక్షన్ మానసిక జబ్బు ఉన్నవారిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించకూడదని స్పష్టంగా నిషేధించింది.

రోగి రాత్రి అక్కడే ఉండాలి, ఇంటివాళ్లు వెళ్లిపోవాలి అంటే రోగిని వెంటనే తిరిగి తెచ్చుకోండి. వారం వారం పెరిగే కానుక, మారుతూ పోయే తాయెత్తు ధర కూడా అలాంటి సూచనలే.

### ప్రభుత్వ మానసిక విభాగం

బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల, కోరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఈ వైపు పెద్ద ఆసరాలు. పర్లాకిమిడి, గుణుపురం వాళ్లకు శ్రీకాకుళం దగ్గర. రాయగడ నుంచి రైల్లో విశాఖ చేరవచ్చు, అక్కడ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. తెలుగు కోసం హద్దు దాటడం మంచి ఆలోచనే. అక్కడ రాసిన మందు మీ ఊరి దగ్గర దొరుకుతుందో లేదో అదే రోజు అడిగి తెలుసుకోండి. ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రుల్లో నిరామయ పథకం కింద ఉచితంగా మందులిస్తారు. నెలనెలా మాత్రల కోసం హద్దు దాటాల్సి వస్తే రెండో మూడో నెలకే చికిత్స ఆగిపోతుంది.

డాక్టరు మీతో గడిపేది కొద్ది నిమిషాలే. ముందే ఒక కాగితం మీద రాసుకెళ్లండి: ఎన్నాళ్లుగా ఉంది, నిద్ర ఎన్ని గంటలు, తిండి ఎలా ఉంది, వాడిన మందులు, ఆకు మందులు, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా, ఉపవాసాలు ఎప్పుడెప్పుడు. డాక్టరు మతం గురించి అడగరు. "నాకు ప్రార్థన ముఖ్యం, దాన్ని వదలకుండా చికిత్స కావాలి" అని మీరే చెప్పండి. దిగులు మాత్రలు పని చూపడానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. కడుపులో తిప్పడం లాంటివి మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. లాభం కనిపించక ముందే ఇబ్బంది కనిపించడంతో ఎక్కువమంది మానేసేది ఇక్కడే. జంతువుల నుంచి తీసే గెలటిన్‌తో చేసిన గొట్టం మందు (క్యాప్సూల్) వద్దనుకునే ముస్లింలు అదే మందు మాత్ర రూపంలో ఉందా అని అడగవచ్చు.

### విశ్వాసాన్ని కలుపుకొని చేసే కౌన్సెలర్

మనస్తత్వ శాస్త్రంలో శిక్షణ పొంది, రోగి విశ్వాసాన్ని చికిత్సలో వాడుకోగలిగినవాళ్లు. ఈ జిల్లాల్లో అరుదు, పెద్ద నగరాల నుంచి ఫోన్‌లో దొరుకుతారు. ఫోన్ అని తీసిపారేయకండి. దీర్ఘవ్యాధులతో పాటు దిగులు ఉన్న 132 మందితో అమెరికాలో చేసి 2015లో ప్రచురించిన పరీక్షలో పది సెషన్ల చికిత్స ఎక్కువగా ఫోన్‌లోనే జరిగింది. మతాన్ని కలిపిన చికిత్స, మామూలు చికిత్స దాదాపు సమానంగా పనిచేశాయి. భక్తి బాగా ఎక్కువగా ఉన్నవాళ్లకు మాత్రం కలిపినది కొంచెం మేలుగా కనిపించింది. కాబట్టి ఇలాంటి కౌన్సెలర్ దొరకలేదని చికిత్స ఆపకండి. మామూలు చికిత్స కూడా పనిచేస్తుంది.

వీళ్ల విలువ బాగా తెలిసేది మతం రంగు వేసుకున్న ఓసీడీలో, అంటే అనుమానంతో ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే జబ్బులో. వుజూ (నమాజుకు ముందు చేతులు, ముఖం, కాళ్లు కడుక్కోవడం) సరిగా అయ్యిందో లేదో అని గంటసేపు చేతులు కడగడం, రకాత్‌ల (నమాజులోని ఆవృత్తుల) లెక్క తప్పిందని నమాజు మళ్లీ మళ్లీ చదవడం, ఒక్క చెడ్డ ఆలోచనకు రోజూ పాస్టర్ గారి దగ్గర ఒప్పుకోలు చెప్పడం. దీనికి చికిత్స, అనుమానం ఉన్నా తిరిగి చేయకుండా ఆగడం అలవాటు చేయించడమే. వుజూ ఒక్కసారే, మగ్గుతో కొలిచిన నీళ్లతోనే. ఆ బెదురు దానంతటదే తగ్గేదాకా ఓర్చుకోవాలి. నిశ్చయంగా తెలిసినదాన్ని అనుమానం కొట్టేయలేదు అన్న ఫిఖ్ (ఇస్లామీయ ధర్మశాస్త్ర) సూత్రాన్ని ఇమామ్ సాబ్ చెబితే ఆ అభ్యాసానికి ధైర్యం వస్తుంది. కానీ ఆయన ఒక్కసారే చెప్పాలి. ప్రతిరోజూ అడిగి ఊరట పొందడం కూడా జబ్బులో భాగమే. ఎంత దయతో జవాబిస్తే అంత ముదురుతుంది. పాస్టర్ గారు కూడా వారానికి ఒకసారే ఒప్పుకోలు వింటానని కౌన్సెలర్‌తో కలిసి నిర్ణయించుకోవాలి.

క్రైస్తవ కౌన్సెలర్లలో రెండు బాటలున్నాయి. బైబిల్ ఒక్కటే చాలు, మనస్తత్వ శాస్త్రం అక్కర్లేదు అనేది ఒకటి. రెండూ కలిపేది ఇంకొకటి. మీరు మాట్లాడేవారిది ఏ బాటో ముందే అడగండి. నడివయసు దాంపత్య సమస్యకు మొదటిదీ సాయపడవచ్చు, జబ్బుకు అది చాలదు. ముస్లింలలో వైద్యం వద్దనేవాళ్లకు చెప్పదగ్గ మాట ఒకటుంది. తొమ్మిది, పది శతాబ్దాల పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ కారణం తెలిసిన దుఃఖాన్నీ, కారణం తెలియకుండా ఒంట్లోంచి వచ్చే దిగులునూ వేరుచేసి, రెండింటికీ వేర్వేరు చికిత్స చెప్పాడు.

మీ మతం కాని కౌన్సెలర్ అయితే ప్రార్థన చేసే ముందు మీ అనుమతి అడగాలి. మతం మారమన్న సూచన వస్తే అది కౌన్సెలింగ్ కాదు. ఒడిశాలో బలవంతం, ప్రలోభం, మోసంతో మతం మార్చడాన్ని నిషేధించే చట్టం 1967 నుంచే ఉంది.

| | పాస్టర్, ఇమామ్ | స్వస్థత కూటం, దర్గా | ప్రభుత్వ మానసిక విభాగం | విశ్వాసం కలిపే కౌన్సెలర్ |
|---|---|---|---|---|
| దేనికి మేలు | దుఃఖం, అపరాధ భావం, సర్దుబాటు | ఊరట | తీవ్రమైన జబ్బు, మందు, తాగుడు | దిగులు, ఆందోళన, ఓసీడీ |
| భాష | తెలుగు, ఉర్దూ | తెలుగు, ఉర్దూ | ఒడియా ఎక్కువ | అడిగి ఎంచుకోవచ్చు |
| గుట్టు | మనిషిని బట్టి | ఆశించవద్దు | చట్టపరమైన హక్కు | వృత్తి నియమం |
| ఖర్చు | లేదు | ఎంతవుతుందో చెప్పలేం | చాలా తక్కువ | సెషన్‌కు ఫీజు |
| ముఖ్య ప్రమాదం | జబ్బును పాపం అనడం | మందు మాన్పించడం | సమయం లేక మధ్యలో మానడం | అరకొర శిక్షణ |

ఈ నాలుగూ కుదరని రాత్రికి టెలి మానస్ ఉంది. 2022 అక్టోబరులో మొదలైన ఈ ప్రభుత్వ సేవకు 14416 నంబరుకు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగు, ఒడియా, ఉర్దూ అన్నీ ఉన్నాయి.

## ఎవరికి ఏది

పెళ్లి తగాదాల్లో కొట్టడం, బెదిరించడం లేకపోతే మత పెద్దల దగ్గరే మొదలుపెట్టండి. ఖుర్‌ఆన్ 4:35 అటు నుంచి ఒకరిని, ఇటు నుంచి ఒకరిని మధ్యవర్తులుగా పెట్టమంటుంది. ఇది మంచి పద్ధతి, ఆమె వైపు మనిషిని ఆమే ఎంచుకుంటే. దెబ్బలు ఉంటే ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టే కౌన్సెలింగ్ వద్దు. గదిలో ఆమె చెప్పిన మాటకు ఇంట్లో దెబ్బ పడుతుంది. మహిళా హెల్ప్‌లైన్ 181, హింసకు గురైన స్త్రీలకు సాయం చేసే జిల్లా సఖి కేంద్రం, 2005 గృహహింస చట్టం కింద రక్షణ అధికారి... ఇవీ దారులు. సంఘంలోనో జమాత్‌లోనో (మసీదు పెద్దల సంఘంలోనో) రాజీ పత్రం మీద సంతకం చేసినా ఈ హక్కులు పోవు. క్షమించడమంటే మళ్లీ ఆ ఇంటికే వెళ్లడం కాదని పాస్టర్ గారి నోటి నుంచి వింటే ఆమెకు కొండంత బలం.

గొంతులు వినపడే కొడుకున్న తల్లిదండ్రులకు ఆసుపత్రే మొదటిది, కౌన్సెలింగ్ తర్వాతి మాట. చదువుల ఒత్తిడిలో ఉన్న కుర్రాడికి ముందు టెలి మానస్, తర్వాత అవసరాన్ని బట్టి కౌన్సెలర్. ఇంట్లో చావు జరిగిన కుటుంబానికి సంఘం లేదా జమాత్ చాలు. ఆరు నెలలు దాటినా మనిషి తిండి, పని పట్టించుకోకపోతే డాక్టరును కలవండి.

ఈ జిల్లాల్లో ఎక్కువమందికి మా సలహా జోడు ఏర్పాటు: చికిత్సకు ప్రభుత్వ డాక్టరు, తోడుకు నమ్మిన మత పెద్ద. అన్నీ తెలిసిన ఒక్క మనిషి కోసం వెతకడం కంటే ఇది త్వరగా కుదురుతుంది, ఎక్కువకాలం నిలుస్తుంది. దీన్ని నోటిమాటతో వదలకండి. మొదటి వారమే మూడు సంగతులు రోగితోనే ఒప్పించుకోండి. పెద్దకు జబ్బు పేరు చెప్పాలా, మందుల సంగతి మాత్రమేనా. పరిస్థితి విషమిస్తే ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారు. మందు మీద డాక్టరు తప్ప ఎవరూ మాట్లాడరు. నాలుగు వారాల తర్వాత నిద్ర, తిండి, పని, ప్రార్థనలో మనసు నిలవడం, ఈ నాలుగూ ఎంత మారాయో చూడండి. ఏమీ మారకపోతే చికిత్స మార్చమని డాక్టరును అడగండి. బాగుపడ్డాక సాక్ష్యం (దేవుడు చేసిన మేలును అందరి ముందు చెప్పడం) చెప్పాలని సంఘం అడగడం సహజమే. సాక్ష్యం చెప్పిన మర్నాడు మాత్రలు మానేస్తే విశ్వాసానికి గుర్తు అనుకుని మానేసేవాళ్లున్నారు. అలా మానితే జబ్బు తిరగబెడుతుంది. "దేవుడు డాక్టరు ద్వారా కూడా బాగుచేశాడు, మందు వాడుతున్నాను" అని కూడా ఆ సాక్ష్యంలోనే చెప్పమనండి.

## ఉపవాసాలు, రాత్రి ప్రార్థనలు

రంజాన్‌కు గానీ, నలభై రోజుల ఉపవాస ప్రార్థనలకు గానీ నెల ముందే డాక్టరును కలవండి. రోజుకు ఒకసారి వేసే మాత్ర చాలావరకు ఇఫ్తార్ తర్వాతకు మార్చవచ్చు. రెండుసార్లు వేసేదాన్ని ఇఫ్తార్‌కూ సహరీకీ (తెల్లవారకముందు తినే భోజనానికీ) సర్దవచ్చు. మూడుసార్లు వేసేదాన్ని మీ అంతట మీరు సర్దకండి, డాక్టరే మందు మార్చాలి. జబ్బుతో ఉన్నవారికి రోజాలో మినహాయింపు ఖుర్‌ఆన్ 2:184, 185లోనే ఉంది. అది వినడానికి రోగి సిగ్గుపడితే ఇమామ్ సాబ్‌తో చెప్పించండి.

బైపోలార్ జబ్బు (విపరీతమైన హుషారు, దిగులు మారిమారి వచ్చే జబ్బు) ఉన్నవాళ్లకు తిండి కంటే నిద్ర పెద్ద సమస్య. సహరీకి లేవడం, రాత్రంతా ప్రార్థనలో ఉండటం కొద్ది రోజుల్లోనే ఉన్మాదాన్ని లేపగలవు. పగటి కూటాలకు వెళ్లండి, రాత్రివి వదలండి. ఆ జబ్బుకు ఇచ్చే లిథియం మందు వాడేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తంలో లిథియం పెరిగి విషమవుతుంది. గంజాం ఎండల్లో నీళ్లు కూడా మానే ఉపవాసం వీళ్లు డాక్టరు ఒప్పుకోకుండా పట్టకూడదు. వాంతులు, విరేచనాలు, చేతుల వణుకు పెరగడం, నడకలో తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే ఉపవాసం అక్కడే విరమించి, తర్వాతి మాత్ర వేయకుండా, అదే రోజు ఆసుపత్రిలో రక్తంలో లిథియం పరీక్ష చేయించండి.